నమూనాలో ఉన్న తలుపు

ఏ ఫంక్షన్ హాలుకు పోయినా సాదియా ముందు చూసేది పెళ్లికూతురిని కాదు, బయటికి పోయే దారిని. ముందు తలుపు ఎటుంది, వెనక తలుపు ఎటుంది, వంటలు చేసే వైపు నుంచి సందులోకి పోవచ్చా, పోవచ్చంటే అక్కడ తాళం వేసి ఉందా. ఇవన్నీ చూసుకున్నాకే కుర్చీలో కూర్చుంటుంది. కూతురు సుమయ్య పుట్టినప్పటి నుంచి పట్టుకున్న అలవాటిది. అంతకు ముందు ఆమె కూడా అందరిలాగే దస్తర్‌ఖాన్ పరిచి వడ్డించే వైపే చూసేది.

"అందరు బిర్యానీల బొక్క కోసం చూస్తరు, మా బేగం గోడల బొక్క కోసం చూస్తది," అని ఆమె భర్త హారిస్ చుట్టాల ముందు ఎగతాళి చేస్తాడు. సాదియా నవ్వి ఊరుకుంటుంది. ఊరుకుంటుందే గానీ చూడడం మానదు.

కరీంనగర్ హుస్సేనీపురలో బాబు మియా అంటే మేస్త్రీ బాబు మియా అని అందరికీ తెలుసు. ఊళ్లో సగం గల్లీలలో ఆయన కట్టిన గోడలున్నాయి. ఆయన పెద్ద కూతురు సాదియా. బీయస్సీ కెమిస్ట్రీతో పాసయింది. ఎమ్మెస్సీ సీటు వచ్చింది, దాని వెనకే హారిస్ సంబంధం వచ్చింది. రెండూ ఒక్క నెలలో వస్తే ఇళ్లలో ఏది ఆగిపోతుందో వేరే చెప్పనక్కరలేదు. హారిస్ మంచివాడు. గ్రానైటు కోసే యూనిట్‌లో ఆఫీసు పని చూస్తాడు, ఇంటికొచ్చాక చెప్పులు విప్పితే గడప దగ్గర తెల్లటి రాతిపొడి రాలుతుంది. పెళ్లయిన రెండేళ్లకు సుమయ్య పుట్టింది.

పిల్ల నడక నేర్చాక సాదియా ఇంట్లో కూర్చుని చేసే పని వెతుక్కుంది. తెలిసిన నర్సింగ్ హోం వాళ్లు ఒక బోర్డు కావాలన్నారు. రోగి లోపలికొచ్చాక ముందు ఎక్కడికి పోవాలి, చీటీ ఎక్కడ రాయించుకోవాలి, రక్తపరీక్ష ఎక్కడ, మందులు ఎక్కడ అని డబ్బాలు, బాణాలు గీసిన బోర్డు. "నీకు కంప్యూటర్ వస్తది గద, చేసియ్యి," అన్నారు. వస్తుందని చెప్పింది గానీ ఆమెకు వచ్చింది టైపింగు మాత్రమే. డబ్బాలు, బాణాలు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి లాప్‌టాప్‌లోకి దింపుకుని తెరిస్తే, ఎదురుగా తెల్లటి ఖాళీ పేజీ వచ్చి కూర్చుంది. ఒక డబ్బా గీసింది. అది వంకరపోయింది. బాణం గీస్తే డబ్బాకు అంటుకోకుండా గాలిలో వేలాడింది. పొద్దంతా కొట్టుకుని లాప్‌టాప్ మూసేసింది.

మర్నాడు మళ్లీ తెరిచినప్పుడు గానీ గమనించలేదు, ఖాళీ పేజీ కన్నా ముందు చిన్నచిన్న బొమ్మల వరస ఒకటి వస్తోంది. అన్నీ ముందే గీసిపెట్టిన నమూనాలు. ఆఫీసులో ఎవరి కింద ఎవరు పనిచేస్తారో చూపే పటం, వంశవృక్షం, ఇంటి ప్లాను, మంటలంటుకుంటే బయటికి పోయే దారి పటం. ఒకదాన్ని నొక్కితే మొత్తం బొమ్మ పేజీలోకి వచ్చేసింది. అందులో ఒక డబ్బాను పట్టుకుని జరిపితే, దాని బాణాలు కూడా పిల్లల్లా వెంటబడి వచ్చాయి. సాదియా కుర్చీలో ముందుకు జరిగింది. డబ్బాలోని మాట చెరిపి వేరే మాట రాసింది. రంగు మార్చింది. ఆ వారమంతా ఆమె చేసింది ఒకటే, నమూనా తెరవడం, తనది కానిదాన్ని చెరపడం. చెరపగా చెరపగా ఏది ఎట్లా గీస్తారో చేతికి పట్టుబడింది. గీయడం ఆమె చెరపడంలోంచే నేర్చుకుంది.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. అది ఆమెకు డిగ్రీలోనే తెలుసు. ల్యాబ్ రికార్డును సీనియర్ల రికార్డు చూసి రాయడం అన్ని కాలేజీల్లో ఉన్నదే. వాళ్ల బ్యాచిలో అందరూ ఒకే అక్క రికార్డు చూసి రాశారు. ఆ అక్క ఒక టైట్రేషన్‌లో బ్యూరెట్ కొలత తప్పు వేసింది. ఆ తప్పు కూడా అందరి రికార్డుల్లోకి, దశాంశ బిందువుతో సహా, దిగిపోయింది. మేడం రికార్డులన్నీ బల్ల మీద పరిచి, "ఏమే, మీ అందరి చెయ్యి ఒక్కతీరుగనే వణికిందా?" అంది. ఆ మాట సాదియా మర్చిపోలేదు. అందుకే ఏ నమూనా తెరిచినా ముందు మనది కాని వస్తువులు తీసేసిన తర్వాతే మనవి పెడుతుంది. పేర్లు మార్చినంత మాత్రాన నమూనా మనదైపోదు.

అట్లా ఆమె ఎక్కువగా నలిగింది ఆ బయటికి పోయే దారి పటంతోనే. ఒక ఆఫీసు. కింది వైపు ముఖద్వారం, ఎడమ వైపు ఇంకో తలుపు. మధ్యలో గుండ్రటి టేబుల్, దాని చుట్టూ ఆరు కుర్చీలు. మూలలో పూలకుండీ. ఒక లిఫ్టు. ఆకుపచ్చ బాణాలు రెండు వైపులకు పోతుంటాయి. ఆ పూలకుండీ ఎంత నొక్కినా పోక మొదట్లో ఆమెను సతాయించింది. ఒక షోరూముకు, ఒక హాస్టలుకు ఆ నమూనాతోనే పటాలు చేసిచ్చింది. రెండింట్లోనూ కుండీ లేదు, ఎందుకంటే ఆ రెండు చోట్లా కుండీ లేదు గనక.

సుమయ్యకు ఐదేళ్లు నిండాయి. ఇంటికి దగ్గరని గల్లీ చివరి బడిలో వేశారు. కింద పరుపుల దుకాణం, దాని మీద బడి. ఐదు గదులు, ఒక హాలు, కిటికీలకు ఇనుప గ్రిల్లులు, కిందికి దిగడానికి ముందువైపు ఒకటే మెట్లదారి. ఆ మెట్ల కిందనే కరెంటు మీటర్ల బోర్డు.

వానలు మొదలైన ఒకరోజు బడి వదిలే వేళకు ఆ బోర్డులోంచి పొగ లేచింది. మంట రాలేదు. పొగ మాత్రం మెట్లదారినే చిమ్నీ చేసుకుని పైకి పోయింది. సాదియా అప్పటికి రోడ్డు మీద గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. పైన పిల్లలు గ్రిల్లులకు ముఖాలు ఆనించి దగ్గుతున్నారు. సుమయ్య రెండు చేతులూ గ్రిల్లులోంచి బయటికి చాచి "అమ్మీ" అని పిలుస్తోంది. కింద పరుపుల దుకాణం సేటు కరెంటు ఆపించి, ఇసుక తెచ్చి బోర్డు మీద కొట్టాడు. పొగ తగ్గింది. పిల్లలు ఒక్కొక్కరే దిగొచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు గనక మర్నాటికి అందరూ మర్చిపోయారు.

సాదియా మర్చిపోలేదు. ఆమె చదివిన చదువు మర్చిపోనివ్వలేదు. పరుపుల్లోని ఫోము అంటుకుంటే వచ్చే పొగలో ఏముంటుందో, అది పీల్చిన చిన్న ఊపిరితిత్తులకు ఎంతసేపు టైముంటుందో ఆమెకు తెలుసు. రెండో రోజు బడికి పోయి కరస్పాండెంటు సుదర్శన్‌రావును కలిసింది. బిల్డింగు ఆయనదే, బడీ ఆయనదే. అరవై దాటిన మనిషి, తెల్లటి ఖద్దరు అంగీ, మాట మెత్తన.

"సార్, వెనుకకెళ్లి దిగనీకె ఇంకో దారి ఉన్నదా?" అని అడిగింది.

"ఎందుకు లేదమ్మా! అన్ని రూల్స్ ప్రకారమే ఉన్నయి. గోడకు పటం గూడ పెట్టినం. చూసుకో," అని హాలువైపు చెయ్యి చూపాడు.

హాల్లో గోడకు అద్దం బిగించిన పటం ఉంది. దాని ముందు నిలబడిన సాదియాకు ముందు నవ్వొచ్చింది. గుండ్రటి టేబుల్, ఆరు కుర్చీలు. మూలకు పూలకుండీ. లిఫ్టు. పెళ్లి ఆల్బంలో తెలిసిన ముఖం కనబడినట్టు అన్నీ కనబడ్డాయి. రిసెప్షన్ అని ఉన్నచోట ఎల్‌కేజీ అని, మీటింగ్ హాల్ అని ఉన్నచోట యూకేజీ అని రాశారు. అంతే. ఎడమవైపు తలుపులోంచి ఆకుపచ్చ బాణం ధైర్యంగా బయటికి పోతోంది. ఆ బాణం పోయే చోట, నిజం బడిలో, పక్కింటివాళ్ల గోడ ఉంది.

ఇంకొకటి కూడా ఉంది. పటం మూలలో ఉత్తరం చూపే బాణం తలకిందులుగా ఉంది. నమూనాలో అది పైకి ఉంటుంది. ఎవరో పనిగట్టుకుని తిప్పారు.

తిప్పిందెవరో కనుక్కోవడం కష్టం కాలేదు. బడిలో కంప్యూటర్ వచ్చింది ఒక్క నవనీత టీచరుకే. సుమయ్య క్లాసుకు చెప్పేది కూడా ఆమే. బడి వదిలాక మెట్ల దగ్గర పట్టుకుని అడిగితే ఆమె ముఖం తెల్లబోయింది.

"రేపు తనిఖీకి వస్తరు, పొద్దుటికల్ల పటం కావాలె అన్నరక్కా. నాకేమొస్తది? శాంపిల్ తీసి పేర్లు మార్చిన."

"బాణమెందుకు తిప్పినవ్?"

"ఆ బాణమా?" నవనీత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ప్రింటు తీసుకపోయి చూపిస్తే సారు మెయిన్ డోరు దక్షిణం దిక్కు ఉన్నదేంది అన్నడు. సార్, ఇది శాంపిల్, మన బడి గాదు అన్న. అయితేంది, దక్షిణ ద్వారం బొమ్మ నా గోడ మీద ఉండద్దు అన్నడు. ఇంగ బాణం తిప్పితే ఆ డోరు ఉత్తరమైంది, ఎడమది తూర్పయింది. సారు మస్తు ఖుషీ అయిండు."

ఎక్కడిదో, ఎవరిదో, అసలు లేనే లేని ఆఫీసుకు వాస్తు సరిచేసి గోడకు తగిలించుకున్నారన్నమాట. సాదియాకు ఈసారి నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం పుట్టింటికి పోయి తండ్రికి చెప్పింది. బాబు మియా మోకాళ్ల నొప్పులతో పనికి పోవడం మానేసి మూడేళ్లు దాటింది. కూతురు చెప్పింది విని గడ్డం నిమురుకున్నాడు.

"ఆ బిల్డింగుకు వెనుక మెట్లు ఉన్నయి గద బేటీ. నేను కట్టిన్నే," అన్నాడు. "నైరుతి మూలకు ఉండె దర్వాజ. తరువాత రావు సాబే మూపిచ్చిండు. అది మూసింది గూడ నేనే. ఒంటి ఇటుక గోడ. ప్లాస్టర్ మీద చెయ్యి పెట్టి జూడు, అతుకు దొరకదు."

"ఎందుకు మూపిచ్చిండు?"

"బిల్డింగు అయిన ఏడాదే ఆయన మనవడు రిత్విక్‌కు జ్వరమొచ్చి మెదడుకెక్కింది. పిల్లగాడు ఇయ్యాల పోతడా రేపు పోతడా అన్నట్టుండె. ఎవలో సిద్ధాంతి వచ్చి నైరుతి దర్వాజ చూపిచ్చిండు. నన్ను పిలిచి ఆ రోజే కట్టుమన్నడు. కట్టిన. పిల్లగాడు బతికిండు." మోకాలు రుద్దుకుంటూ అన్నాడు, "గోడ కట్టినందుకు బతికిండో, దవాఖానల మంచిగైండో అల్లాకెరుక. రావు సాబ్‌కు మాత్రం గోడనే యాదుంటది."

సాదియాకు సుదర్శన్‌రావు మీద కోపం పోలేదు గానీ దాని ఆకారం మారింది. ఆయనదీ పిల్లవాడి కోసం పడ్డ భయమే. ఆయన భయానికి గోడ దొరికింది. తన భయానికి తలుపు కావాలి.

ఇంటికొచ్చి హారిస్‌తో చెబితే అతను చెయ్యి అడ్డంగా ఊపాడు. "మనకెందుకే పంచాయితీ? ఫికర్ నక్కో. వేరే బడిల వేద్దం. టీసీ తీసుకుందాం."

"మిగిలిన పిల్లలు? వాళ్లు గూడ మన ఎంబడి టీసీ తీసుకుంటరా?"

"ఊరందరి పిల్లలు నీకెందుకు?"

"గ్రిల్లులల్ల నుంచి చేతులు చాపినప్పుడు అన్ని చేతులు ఒక్కతీరుగనే కనవడ్డయి," అంది సాదియా. "టీసీ తీసుకోను. బడి మార్చను. దారి వాళ్లే ఇయ్యాలె."

హారిస్ ఏదో అనబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. పెళ్లయ్యాక ఆ ముఖం అతను ఒక్కసారే చూశాడు, పురిటి గదిలో.

శనివారం తల్లిదండ్రుల మీటింగు. పొగ సంగతి మీద ఎవరైనా అడుగుతారని సుదర్శన్‌రావుకు ముందే అనుమానం. అందుకే సాదియా పోయి, "సార్, నేను గీ పటాల పనే చేస్త. పేరెంట్సుకు అర్థమయ్యేటట్టు పెద్ద టీవీల చూపిస్తనా?" అంటే సంబరంగా ఒప్పుకున్నాడు. "చెప్పమ్మా, చెప్పు. నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్తే వింటరు."

హాలు నిండింది. ఎక్కువగా తల్లులే. సాదియా లాప్‌టాప్‌ను పెద్ద టీవీకి తగిలించి, సాఫ్ట్‌వేర్ తెరిచింది. బొమ్మల వరస వచ్చింది. వాటిలో ఒకదాన్ని నొక్కింది. టీవీ నిండా పటం పరుచుకుంది. గుండ్రటి టేబుల్, ఆరు కుర్చీలు, పూలకుండీ.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. సాదియా గోడకున్న అద్దం పటాన్ని దించి తెచ్చి టీవీ పక్కన పట్టుకుంది. అప్పుడు వెనక వరసలోంచి ఎవరో, "అరే, రెండొక్కటేనాయె!" అన్నారు.

"ఒక్కటే," అంది సాదియా. "ఇది ఏ బడిదీ గాదు. నేర్చుకునేటోళ్లు చూసి నేర్చుకోవాలని కంపెనీవాళ్లు పెట్టిన బొమ్మ. దీనితోని మొదలువెట్టుడు తప్పుగాదు, నేను గూడ గట్లనే నేర్చుకున్న. మనది కానిది చెరపాలె, గంతే. ఇప్పుడు చెరుపుదాం. నేను అడుగుత, మీరు చెప్పుండ్రి. మన బడిల లిఫ్టు ఉన్నదా?"

"లేదు!"

లిఫ్టును నొక్కి తీసేసింది.

"గుండ్రటి టేబుల్ ఉన్నదా?"

"పిల్లలకు బెంచీలే సరిగ లెవ్వు, టేబుల్లా!" అని ఒకామె. అందరూ నవ్వారు. టేబుల్ పోయింది, కుర్చీలు పోయాయి. పూలకుండీ దగ్గరికొచ్చేసరికి అడగకుండానే "లేదు, లేదు" అన్నారు. సుదర్శన్‌రావు కుర్చీలో కదిలాడు. ఆయన మెత్తటి ముఖం బిగిసింది.

సాదియా ఎడమవైపు తలుపు మీద మౌస్ బాణం పెట్టి ఆగింది. "ఈ తలుపు ఉన్నదా?"

అందరి కళ్లూ ఆ గోడకేసి తిరిగాయి. అక్కడ అక్షరమాల చార్టు వేలాడుతోంది.

"అమ్మా, ఇగ చాలు," అన్నాడు సుదర్శన్‌రావు. "పటం చేసినోళ్లు తప్పు చేసిండ్రు. నేను మందలిస్త."

గోడ పక్కన నిలబడ్డ నవనీత ఒక అడుగు ముందుకేసింది. "చేసింది నేనే సార్. ఒక్కపూటల చేయుమంటే చేసిన. మన బడి గాదని గూడ చెప్పిన. బాణం మాత్రం మీరు తిప్పుమంటేనే తిప్పిన."

హాలంతా గుసగుస. సాదియా తలుపును నొక్కింది. తలుపు పోయింది, దానితో పాటే ఆకుపచ్చ బాణం పోయింది. పెద్ద టీవీలో మిగిలింది ఐదు గదులు, వాటన్నిటికీ కలిపి ఒక్క మెట్లదారి. ఆ మెట్ల కింద ఆమె మీటర్ల బోర్డు గీసింది. బోర్డు పక్కన పరుపులు. ముందు వరసలో కూర్చున్న ఒకామె ఒళ్లోని పిల్లవాణ్ని దగ్గరికి హత్తుకుంది.

"ఇంకో తలుపు ఉండె," అంది సాదియా. "యూకేజీ రూముల, బీరువా ఎనుక. దానెనుక మెట్లు ఇప్పటికీ ఉన్నయి. మా నాయిన కట్టిండు, మీరు చెప్తే మా నాయిననే మూసిండు."

సుదర్శన్‌రావు లేచి నిలబడ్డాడు. "అది నైరుతమ్మా! తెలువని సంగతులు మాట్లాడకు. ఆ తలుపు ఉన్నప్పుడు నా ఇంట్ల ఏమైందో నాకెరుక."

"నాకు గూడ ఎరుకనే సార్. రిత్విక్ కోసం గోడ కట్టిచ్చిండ్రు. తప్పనను. ఆ గడియల నేనైతే ఇల్లే కూలగొడుతుంటి." ఆమె గొంతు తగ్గింది. "నేను సుమయ్య కోసం ఆ గోడ తీయుమంటున్న. గంతే తేడ."

ఆయన ఆ పేరు అక్కడ వినపడుతుందని అనుకోలేదు. చివరికి, "సరే. చూద్దాం. ఇప్పుడు మూఢం నడుస్తుంది. కట్టుడు కూల్చుడు ఏది చేయొద్దు. వచ్చే నెల మూఢం పోయినంక మంచిరోజు చూసి తీపిస్త," అన్నాడు.

"అప్పటిదాక?"

"అప్పటిదాక దేవుడున్నడు."

"దేవుడు మీకున్నడు, నాకున్నడు," అంది సాదియా. "మెట్లు మాత్రం ఒక్కటే ఉన్నయి."

సుదర్శన్‌రావు ముఖం ఎర్రబడింది. "ఇష్టం లేనోళ్లు టీసీ తీసుకపోవచ్చు," అని గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

సోమవారం పొద్దున సాదియా సుమయ్యను బడికి తీసుకొచ్చింది. మెట్లెక్కించలేదు. మెట్ల పక్కన చాప పరిచి కూర్చోబెట్టి, పక్కనే తానూ కూర్చుంది. తాను ఒక్కతే మిగులుతుందేమోనని గల్లీలోకి చూస్తూనే ఉంది. మీటింగులో ఒళ్లోని పిల్లవాణ్ని హత్తుకున్న ఆమె ముందు వచ్చింది. తర్వాత ఇంకొకరు. బడి గంట కొట్టేసరికి పిల్లలు చాపలు దాటి పరుపుల దుకాణం ముందున్న అరుగు మీదికి ఎక్కారు. అరుగు మీద గిరాకీ కోసం పరిచిన పరుపు ఒకటుంటే దాని మీదకూ ఎక్కారు. పైన ఖాళీ క్లాసులో కూర్చుని విసిగిన నవనీత పలక పట్టుకుని కిందికి దిగొచ్చింది. పాఠం రోడ్డు మీదే మొదలైంది.

"అమ్మా, పరుపు ఖరాబైతది, జర దించుండ్రి పిల్లల్ని," అని సేటు మొత్తుకున్నాడు.

"మా పిల్లలు ఆరోజు నీ పరుపుల పొగనే పీల్చేటోళ్లు సేటూ. జరసేపు కూసుంటే ఏమైతది?" అంది ఒక తల్లి.

ఇద్దరు పిల్లలు ఎండకు తూగి పరుపు మీదే నిద్రపోయారు. కొనడానికి వచ్చిన వాళ్లు చూసి, "పరుపు మంచిదే ఉన్నట్టుంది," అని నవ్వుకుంటూ పోయారు గానీ లోపలికి రాలేదు. హారిస్ మధ్యాహ్నం టిఫిన్ డబ్బాతో వచ్చాడు. ఏమంటాడోనని సాదియా చూస్తుంటే అతను డబ్బా ఇచ్చి, చెప్పులు విడిచి, చాప చివర కూర్చున్నాడు. "యూనిట్‌ల సెలవు పెట్టిన," అన్నాడు. "ఈడ బిర్యానీ ఏమన్న ఉన్నదా?"

మూడో రోజుకు సేటు ఫోను తీశాడు. అరుగు మీద నిలబడి అందరికీ వినపడేటట్టే మాట్లాడాడు. "రావు సార్, మీ మూఢం మీకు ముఖ్యం, నా గిరాకి నాకు ముఖ్యం. కిరాయి కడుతున్న గద. ఆ గోడ తీపిస్తరా, నన్ను ఖాళీ చేయమంటరా?"

ఆ సాయంత్రం సుదర్శన్‌రావు మనిషి బాబు మియా ఇంటికి వచ్చాడు. గోడ ఎక్కడ కొట్టాలో ఆయనకే తెలుసు గనక రమ్మన్నాడు.

మర్నాడు యూకేజీ గదిలో బీరువా జరిపారు. బాబు మియా కుర్చీలో కూర్చుని, చేతికర్ర చివరతో గోడ మీద ఒక చోట తట్టాడు. "ఈడ కొట్టు బిడ్డా. దర్వాజ మీది దిమ్మెను ముట్టకు, ఇటుకనే కొట్టు." కూలీ సుత్తి ఎత్తే ముందు సుదర్శన్‌రావు ఆగమన్నాడు. గడప ఉండాల్సిన చోట నిమ్మకాయ కోసి రెండు పక్కలా పెట్టాడు. కళ్లు మూసుకుని పెదాలు కదిపాడు. సాదియా కూడా లోపల తన దువా తాను చదువుకుంటూనే ఉంది.

సుత్తి పడింది. ప్లాస్టరు రాలింది గానీ ఇటుక కదల్లేదు. మళ్లీ పడింది. "గింత గట్టిగ కట్టినవేంది బాబు మియా!" అన్నాడు సుదర్శన్‌రావు.

"గట్టిగ కట్టుమన్నది మీరే గద రావు సాబ్. మీ మనవని కోసమని రెండు పాళ్లు సిమెంటు ఎక్కువ కలిపిన."

సుదర్శన్‌రావు ఆయన వైపు చూశాడు. ముఖం తిప్పుకున్నాడు. ఇంకో దెబ్బకు ఒక ఇటుక అటువైపు పడింది. మెట్ల మీద దొర్లుకుంటూ కిందికి పోయిన చప్పుడు వినబడింది. ఆ రంధ్రంలోంచి గదిలోకి వెలుతురు పడింది. సుమయ్య పరిగెత్తి పోయి ఆ రంధ్రానికి కన్ను ఆనించింది. "అమ్మీ, మెట్లు ఉన్నయి!" అని అరిచింది. సాదియా నేల మీద, ఇటుకపొడిలోనే కూర్చుండిపోయింది.

వారం తిరిగేసరికి ఇనుప తలుపు పెట్టారు. లోపలి నుంచి తోస్తే తెరుచుకునేది, తాళం కొండి లేనిది. కొండి పెడతామని సుదర్శన్‌రావు అంటే వెల్డింగు దుకాణంలోనే సాదియా అడ్డుపడింది.

చివరికి గోడకు కొత్త పటం కావాల్సి వచ్చింది. సాదియా అదే నమూనా తెరిచింది. అన్నీ చెరిపింది. ఐదు గదులు, హాలు, ముందు మెట్లు, మీటర్ల బోర్డు పెట్టింది. నైరుతి మూలకు తలుపు, తలుపు వెనక మెట్లు, మెట్ల వైపు పోయే ఆకుపచ్చ బాణం. ఉత్తరం బాణం పైకి. నవనీతను పక్కన కూర్చోబెట్టుకుని చేసింది, రేపు ఇంకెవరైనా అడిగితే ఆమెకు రావాలని.

ప్రింటు తీసుకుపోయి చూపిస్తే సుదర్శన్‌రావు కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. వేలు నైరుతి తలుపు దగ్గర ఆగింది.

"మంచిగ చేసినవమ్మా," అన్నాడు. "తలుపు ఎట్లాగు తీసినం. కాగితం మీదనన్న జర... ఆ బాణం తిప్పితే ఇది ఈశాన్యమైతది గద. ఎవలకు నష్టం?"

ఆ మాటలో పాత మొండితనం లేదు, కొంచెం బతిమాలడం ఉంది. సాదియాకు జాలేసింది. అయినా పటాన్ని ఆయన చేతిలోంచి తీసుకుంది.

"గోడ మీది సార్. కట్టుకోవచ్చు, కూలగొట్టుకోవచ్చు," అంది. "ఉత్తరం మీది గాదు, నాది గాదు. అది ఉన్నకాడనే ఉంటది."

నవనీత కుర్చీ ఎక్కి మేకు కొట్టింది. సాదియా పటాన్ని అందించింది.